మీ కలల రిసార్టులో మా గేటు ఏది?

కలల రిసార్టులు గీయడం ఇప్పుడు పెద్ద సరదా. ఫోన్లో రెండు వాక్యాలు టైపు చేస్తే ఏఐ బొమ్మ గీసి చేతిలో పెడుతుంది. తెలుగు నేల మీద ఒక బ్రహ్మాండమైన థీమ్ పార్కు, దాని చుట్టూ పది హోటళ్ళు, ఒక్కో హోటలుకు ఒక్కో కథ. ఒకటి కాకతీయుల కోట, ఒకటి నిజాం ప్యాలెస్, ఒకటి కోనసీమ అగ్రహారం, ఇంకోటి పల్లెటూరు. కట్టేది లేదు, పెట్టుబడి లేదు, పర్మిషన్లు లేవు. ఉత్త ఊహ. "దీంట్లో కూడా కులం వెతుకుతావా అన్నా?" అని అడిగేవాళ్ళు తయారుగా ఉంటారు.

నిజంగా హోటలు కట్టేవాడికి తప్పించుకునే దారులుంటాయి. స్థలం చాల్లేదంటాడు, బడ్జెట్ చాల్లేదంటాడు, బ్యాంకు ఒప్పుకోలేదంటాడు. ఊహకు ఇవేవీ అడ్డం రావు. సముద్రం లేని చోట సముద్రం తెచ్చి పెట్టుకోవచ్చు. అంత స్వేచ్ఛ ఇచ్చాక కూడా ఆ బొమ్మలో మనకు గది లేదంటే అది స్థలం చాలక జరిగింది కాదు. గీసేవాడి తలలోనే మనం లేం. అందుకే కట్టిన హోటళ్ళకంటే కట్టని హోటళ్ళ మీద రాయడం అవసరమనిపించింది.

ముందు కట్టినవాటి సంగతి ఒకసారి చూద్దాం. నేనుండేది మదీనాగూడలో. మియాపూర్ నుంచి చందానగర్ దిక్కు పోయే ముంబై హైవే పొడవునా తిండి దుకాణాలే. వాటిలో "పల్లె" థీమ్ హోటళ్ళకు గిరాకీ ఎక్కువ. ఐటీ కారిడార్ మొత్తం మీద ఇదే వరస. తాటాకు కప్పు, ఎడ్లబండి చక్రం, లాంతరు, మట్టి ముంతల్లో నీళ్ళు, మధ్యలో సిమెంటుతో చేసిన చెట్టు, దాని కింద రచ్చబండ. జొన్నరొట్టె ధర చూస్తే మా అమ్మ నవ్వి ఊరుకుంటుంది, ఆ సంగతి వదిలేద్దాం. నేను ప్రతిసారీ ఒకటే చూస్తాను. ఊరు ఉంది. వాడ ఎక్కడ? డప్పు ఉంటుంది, గోడకు మేకు కొట్టి వేలాడదీసి ఉంటుంది. డప్పు కొట్టేవాడి ఇల్లు ఉండదు. తోలు చెప్పులు అలంకారానికి ఉంటాయి. ఆ తోలు నానబెట్టిన లంద ఉండదు. వాసన వస్తుంది కదా మరి.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఒక మాట. వాడలో ఉండేవాళ్ళు ఇప్పటికీ "ఊళ్ళోకి పోయొస్తా" అంటారు. అంటే తామున్నది ఊరు కాదని రోజూ నోటితో ఒప్పుకుంటూ బతుకుతున్నారు. ఈ భాషలో "ఊరు" అన్న మాటే కొందర్ని బయట పెట్టి పుట్టింది. అట్లాంటి ఊరిని తెచ్చి థీమ్ చేస్తే ఏమొస్తుంది? బయట పెట్టడమే థీమ్ అవుతుంది. మదీనాగూడ పేరులోనే గూడ ఉంది. గూడెం అంటే ఊరికి ఎడంగా ఉండే గుడిసెల గుంపు. ఆ గూడ ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీ అయింది, దాని నడుమ నకిలీ ఊరు వెలిసింది. గూడెపోళ్ళు అందులో గిన్నెలు కడుగుతున్నారు.

ఆ మధ్య ఒక కాలేజీ ఫెస్టులో "డ్రీమ్ రిసార్ట్" పోటీకి నన్ను కూడా జడ్జీగా పిలిచారు. పేర్లు, కథలు తెలుగులో ఉండాలన్నది నిబంధన, అందుకని తెలుగు సారు కావలసి వచ్చాడు. గోడ నిండా చార్టులు. పిల్లలు కష్టపడ్డారు, అది ముందే చెప్పాలి. వాటర్ ఫాల్ పక్కన గదులు, చెట్ల మీద గదులు, చంద్రుడి మీద ఉన్నట్టు గదులు. అన్నిటికంటే అందంగా గీసింది "గడీ" అనే హోటలు. ఎత్తైన కోటగోడ, నాలుగు బురుజులు, లోపల చౌసోపీ, పైన "దొరవారి సూట్". వచ్చిన గెస్టుకు స్టాఫ్ వంగి "నీ బాంచెన్ దొరా" అని స్వాగతం చెప్తారట. చార్టు మీద అట్లనే రాసి ఉంది, పక్కన ఒక నవ్వు బొమ్మ కూడా.

ఆ టీములో బురుజులు గీసింది మన పిల్లే. అందరూ పోయాక అడిగాను, "చెల్లె, మీ ఊళ్ళో గడీ ఉందా?" అని. "ఉంది సార్, కూలిపోయింది. మా నాయనమ్మ చిన్నప్పుడు అక్కడ పెండ ఎత్తేదంట." మరి ఆమె ఈ బొమ్మలో ఎక్కడుందని అడిగితే ఆ పిల్ల కాసేపు ఆలోచించి అంది: "అది పెడితే ఎవరు బుక్ చేస్తరు సార్?"

నేను చదివిన సిద్ధాంత గ్రంథాలేవీ ఇంత సూటిగా అడగలేదు. గెస్టు ఎవరో ముందే తేలిపోయింది. వెట్టి చేయించుకున్నవాడి మనవడు వచ్చి తాత కుర్చీలో కూర్చుని ఫొటో దిగాలి. వెట్టి చేసినవాళ్ళ మనవరాలు ఆ కుర్చీకి డిజైన్ గీసిపెట్టాలి. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో, తర్వాత 1978 జగిత్యాల జైత్రయాత్ర నాటి రైతుకూలీ ఉద్యమంలో గడీలు ఊరికే ఖాళీ కాలేదు. మాల, మాదిగ, చాకలి, మంగలి కుటుంబాలు వెట్టి చెయ్యమని ఎదురు తిరిగితే ఖాళీ అయ్యాయి. ఖాళీ చేయించిన ఇంటిని మళ్ళీ హోటలుగా ఊహించుకుని, "నీ బాంచెన్"ను వెల్‌కమ్ డ్రింకు పక్కన పెట్టుకోవడాన్ని నేను సరదా అనలేను.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు అనుకోకండి. అమెరికాలో ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 1992లో డిక్సీ ల్యాండింగ్స్ అని ఒక రిసార్టు తెరిచారు. డిక్సీ అంటే బానిసత్వం నడిచిన దక్షిణాది రాష్ట్రాల ముద్దుపేరు. అందులో మాగ్నోలియా బెండ్ అనే భాగంలో గదులన్నీ తెల్లటి స్తంభాల ప్లాంటేషన్ భవంతుల రూపంలో కట్టారు. పత్తి తోటల యజమానులు ఉన్న ఇళ్ళు అట్లాంటివే. రిసార్టు లోపల బారు పేరులోనూ, తిండి హాలు పేరులోనూ పత్తి ఉంది. పత్తి ఏరినవాళ్ళు ఎక్కడా లేరు. తెల్ల భవంతి వెనకాల ఉండవలసిన బానిసల గుడిసెల వరస ప్లానులోంచే ఎగిరిపోయింది. 2001లో ఆ పేరు తీసేసి పోర్ట్ ఆర్లీన్స్ రివర్‌సైడ్ అని మార్చారు. భవంతులు మాత్రం అట్లాగే నిలబడి ఉన్నాయి. మన పిల్లలు గీసిన గడీకీ, ఆ భవంతికీ తేడా బురుజుల్లోనే ఉంది.

ఆ డిస్నీ వరల్డ్‌లో కట్టకుండా మిగిలిన ఊహా హోటళ్ళు కూడా ఉన్నాయి. 1971లో పార్కు తెరిచినప్పుడు చెరువు చుట్టూ ఐదు హోటళ్ళు అనుకున్నారు. రెండే కట్టారు, ఒకటి పసిఫిక్ దీవుల థీమ్, ఇంకోటి ఆధునికం. ఏషియన్, వెనీషియన్, పర్షియన్ అనే మూడు కాగితం మీదే ఆగిపోయాయి. గమ్మత్తు చూడండి. ఆసియా అంతా కలిపి ఒక హోటలు! మనం ఊరి బయట ఎంతమంది ఉన్నా వాళ్ళందరికీ కలిపి "వాడ" అని ఒక్క మాటతో సరిపెట్టినట్టే ఉంది లెక్క. బొమ్మ గీసేవాడికి తన వీధిలో ఇల్లిల్లూ వేరుగా కనపడుతుంది, పక్కవాళ్ళ ఖండం మొత్తం ఒక్క ముద్దగా కనపడుతుంది.

ఆ పార్కు గురించే ఇంకో సంగతి మన స్టూడెంట్లు తప్పక తెలుసుకోవాలి. మ్యాజిక్ కింగ్‌డమ్ కింద సొరంగ దారులున్నాయి, యుటిలిడార్లు అంటారు. స్టాఫు, సామాను, చెత్త ఆ దారిన పోతాయి. ఒక కథలోని వేషంతో ఉన్న పనివాడు ఇంకో కథ జరిగే చోట నడుస్తూ కనపడితే కల చెడుతుందని ఆ ఏర్పాటు. ప్రపంచమంతా దీన్ని డిజైన్‌లో గొప్ప తెలివి అని మెచ్చుకుంటుంది. నాకు మాత్రం మన పాత పట్నాల్లో ఇళ్ళ వెనక ఉండే సన్నటి సందులు గుర్తొస్తాయి. పాకీ పనివాళ్ళు ముందు వీధిలో కనపడకుండా వచ్చి, పెరటి దొడ్డి శుభ్రం చేసి, తట్ట నెత్తిన పెట్టుకుని అదే సందులోంచి పోవాలి. దొడ్డిదారి అన్న మాట వింటే నాకు అదే గుర్తొస్తుంది. మనకు యుటిలిడార్ కొత్త కాదు, మనం వందల ఏళ్ళుగా అందులోనే నడుస్తున్నాం.

మన డిగ్రీ పిల్లల్లో ఎందరో శని, ఆదివారాలు క్యాటరింగ్‌కు పోతారు. హాస్టల్లో మెస్సుంటుంది గానీ పుస్తకాలకు, బస్సు పాసుకు, ఇంటికి పంపడానికి పైసలు కావాలి. వాళ్ళు చెప్పిన మాటలే ఇవి. థీమును బట్టి తలపాగా కట్టమంటారు, పంచె కట్టమంటారు. బట్టలు మార్చుకోవడానికి చోటు జనరేటర్ వెనక. తినడం అందరూ పోయాక, రాత్రి ఒంటిగంటకో రెండింటికో, మిగిలితేనే. వేల మంది పట్టే కన్వెన్షన్ హాలు ప్లానులో వీళ్ళు కూర్చునే ఒక్క బెంచీ కూడా గీయలేదు ఆర్కిటెక్టు. ఆ హాలు కట్టకముందు అది కూడా ఎవరో ఒకరి కలే కదా.

"అది కులం కాదు సార్, డబ్బు" అంటారు. ఈ వాదాన్ని తేలిగ్గా కొట్టేయను. డబ్బు నిచ్చెన ఉన్న మాట నిజం. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీనే తీసుకోండి. కలలనే సరుకుగా పెట్టి 1996లో మొదలైన చోటు అది. లోపల సితార, తార, శాంతినికేతన్, సహారా అని హోటళ్ళున్నాయి. సితార లగ్జరీ, తార దానికి ఒక మెట్టు కింద, సహారాకు వస్తే గుంపులుగా పడుకునే డార్మిటరీ. డిస్నీ వాళ్ళకూ ఇట్లాగే మూడు తరగతుల హోటళ్ళున్నాయి. జేబును బట్టి గది. ఈ ఏర్పాటు నాకు నచ్చకపోయినా దీన్ని కులమని అనను. సహారాలో పడుకున్న కుర్రాడు పదేళ్ళకు ఉద్యోగమొచ్చి సితారలో దిగవచ్చు, ఎవడూ ఆపడు.

కానీ తెలుగువాళ్ళకు డబ్బుతో పనిలేని థీమ్ హోటళ్ళు కూడా ఉన్నాయి. శ్రీశైలం పోయినవాళ్ళందరూ చూశారు, చూసి కూడా థీమ్ అనుకోలేదు. బ్రాహ్మణులకు కరివేన సత్రం. రెడ్లకో సత్రం, కమ్మవారికో సత్రం, వెలమలకో సత్రం, ఆర్యవైశ్యులకు వాసవి సత్రం. వీటిని చూసి తర్వాత కట్టుకున్న వేరే కులాల సత్రాలు. ఒకే దేవుడి కోసం ఒకే కొండ ఎక్కి, దిగిన తర్వాత పడుకునేది మాత్రం ఎవరి కులం కప్పు కింద వాళ్ళు. బోర్డు మీద కులం పేరు, కౌంటర్లో ఇంటిపేరు, కొన్ని చోట్ల గోత్రం. ఇక్కడ ఎంత డబ్బున్నా సహారా నుంచి సితారకు పోలేవు. రిసార్టు అన్న మాట తెలియని రోజుల్లోనే "హోటలుకో కథ" అనే డిజైను మనవాళ్ళు కనిపెట్టేశారు, ఆ కథ పేరు కులం. ఇవాళ కాకతీయ బ్లాకు, అగ్రహారం బ్లాకు, గడీ బ్లాకు అని చార్టు మీద గీస్తున్న చెయ్యి ఎక్కడ నేర్చుకుందో ఇంకా అర్థం కాలేదంటే కష్టం.

హోటలు గది అనేది మనకు చిన్న విషయం ఎప్పుడూ కాలేదు. కొలంబియాలో, లండన్‌లో చదివి 1917లో తిరిగొచ్చిన అంబేడ్కర్‌కు బరోడా సంస్థానంలో ఉద్యోగం ఉంది, ఉండడానికి గది లేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించి దిగాడు. పదకొండో రోజు కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. గది దొరక్క ఆయన కొన్ని గంటలు ఒక పార్కులో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్ళిపోయాడు. హోటలు, పార్కు. మన పిల్లలు చార్టు మీద కలిపి గీస్తున్నవి ఆ రెండే. ఆయనే డ్రాఫ్టింగ్ కమిటీకి అధ్యక్షుడైన రాజ్యాంగంలో 15వ అధికరణ రెండో క్లాజు తీసి చూడండి. దుకాణాలు, రెస్టారెంట్లు, హోటళ్ళు, ప్రజా వినోద స్థలాలు అని పేరుపేరునా రాసి ఉంటాయి, వాటిలోకి ఎవర్నీ కులం పేరుతో ఆపకూడదని. ఇంత చిన్న విషయాలు రాజ్యాంగంలో ఎందుకని అప్పుడూ కొందరికి అనిపించి ఉంటుంది. 1991లో చుండూరు ఎక్కడ మొదలైందో గుర్తు చేసుకోండి. సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీటులో ఉన్న రెడ్డి కుర్రాడికి తగిలింది. దాని చివర ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. వినోద స్థలం అంటే మనకు అదీ. టికెట్టు కొనుక్కుని లోపలికి పోయాక కూడా కాలు ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి.

ఈ కారిడార్‌లోనే, మదీనాగూడ నుంచి ఎంతో దూరం కాదు, మనవాళ్ళు డిజైన్ చేసిన ఒక బస ఉండేది. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టలు నుంచి ఐదుగురు దళిత రీసెర్చ్ స్కాలర్లను బయటికి పంపితే, వాళ్ళు షాపింగ్ కాంప్లెక్సు దగ్గర ఒక గుడారం వేసుకున్నారు. పైన గుడ్డ, చుట్టూ అంబేడ్కర్, ఫూలేల ఫ్లెక్సీలు, చలికాలం, పరుపులు. దానికి పేరు పెట్టాలి కదా. వెలివాడ అని పెట్టారు. హైవే మీద పల్లె హోటళ్ళన్నీ కలిసి ఏ ఒక్క మాటను ప్లానులోంచి తుడిచేశాయో సరిగ్గా ఆ మాట. గచ్చిబౌలి నడిబొడ్డున, గాజు భవనాల మధ్య, ఊరిలో వాడ ఉంటుందని నిటారుగా నిలబెట్టి చూపించారు. ఆ నెల 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. నా మటుకు నాకు ఈ ప్రాంతంలో కట్టిన అన్ని బసల్లోకీ నిజాయితీ గల డిజైను అదే. ఎవర్నీ దాచలేదు కనుక.

మనవాళ్ళ నుంచే ఒక ప్రశ్న వస్తుందని తెలుసు. భూములు పోతున్నాయి, స్కాలర్‌షిప్పులు రావడం లేదు, నువ్వు లేని హోటళ్ళ మీద రాస్తున్నావేంది అన్నా అని. భూమి సంగతే చూద్దాం. కలల రిసార్టు గీసేవాడు తెల్ల కాగితంతో మొదలుపెడతాడు. ఈ హైదరాబాద్ చుట్టూ తెల్ల కాగితం అంటే ఏంటి? చాలాసార్లు అది ఎవరికో పట్టా ఇచ్చిన అసైన్డ్ భూమి. పేదలకు ఇచ్చిన ఆ భూమిని అమ్మకూడదు, కొనకూడదు అని 1977లో చట్టం తెచ్చారు. ప్రాజెక్టు అవసరం వచ్చినప్పుడు మాత్రం "ప్రభుత్వం ఇచ్చిందే కదా" అని వెనక్కి లాక్కోవడం తేలిక. చేవెళ్ళ డివిజన్ నుంచి వెళ్ళిన మేకల పాండు కేసులో 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ రైతుకు కూడా పట్టా రైతుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పవలసి వచ్చింది. అప్పటిదాకా ఏం జరిగిందో ఆ తీర్పే సాక్ష్యం. బొమ్మలో ఖాళీగా కనపడే భూమి రికార్డులో ఎవరి పేర ఉందో అడగనివాడు రేపు కలెక్టరాఫీసులో కూడా అడగడు. కల దగ్గరే అలవాటు పడిపోతుంది.

పోటీలు ఆపమని, బొమ్మలు చింపమని నేను చెప్పడం లేదు. ఆ పని వేరేవాళ్ళు బాగానే చేస్తున్నారు. ఆర్కిటెక్చర్, హోటల్ మేనేజ్‌మెంట్, డిజైన్ కోర్సుల్లో చేరిన మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈసారి బొమ్మను వెనక గేటు నుంచి మొదలుపెట్టాలి. దుప్పట్లు ఉతికే ఆమె ఏ గేటు నుంచి వస్తుంది? రాత్రి డ్యూటీ అయ్యాక బస్సులు లేని టైములో ఎక్కడ పడుకుంటుంది? ఆమె పిల్లలు సెలవు రోజున ఆ పార్కులో జెయింట్ వీల్ ఎక్కగలరా, టికెట్టు ఆమె ఎన్ని రోజుల కూలి? మురుగు ట్యాంకు ఎక్కడ ఉంది, మనిషి దిగకుండా యంత్రంతో శుభ్రం చేసేటట్టు గీశారా? మనిషిని రక్షణ లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. అయినా ఎన్ని డ్రాయింగుల్లో ఆ ట్యాంకు మూత దగ్గరికి యంత్రం లారీ వెళ్ళే దారి ఉంటుందో మీరే లెక్క పెట్టండి. ఇవన్నీ గీశాక అప్పుడు బురుజులు పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. పల్లె హోటలే గీయాలనుకుంటే వాడతో సహా గీయండి. మా నాయనమ్మ గుడిసెకు కూడా పొద్దుటి ఎండ బాగా పడేది. ఎర్రమట్టి అలికిన అరుగు, చింతచెట్టు, ఎండబెట్టిన తునకలు. ఎవరు బుక్ చేస్తారో చూద్దాం. నేనైతే చేస్తాను.

వచ్చే ఆదివారం సత్రాల మీద వివరంగా రాస్తాను. శ్రీశైలం, యాదగిరిగుట్ట, భద్రాచలం, తిరుపతి, మీకు దగ్గర్లో ఏ క్షేత్రం ఉంటే అక్కడి కుల సత్రాల బోర్డులు ఫొటో తీసి పంపండి. మనుషుల ముఖాలు పడకుండా తీయండి. గది కావాలని కౌంటర్లో అడిగినప్పుడు అక్కడివాళ్ళు ఏమేం అడిగారో, అవే మాటలు, అదే వరసలో రాసి పంపండి. గది ఇచ్చినా రాయండి, ఇవ్వకపోయినా రాయండి.

జై భీమ్.